చేతికి దద్దుర్లు, వాపు, తట్టుకోలేని దురద: కారణం ఎక్కడ వెతకాలి?

మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, మిగతావాళ్లకీ తెలిసేలా. పలాస దగ్గర పల్లె. అమ్మగారి వయసు 46, బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఎనిమిది రోజుల కిందట కుడిచేతి వేళ్ల సందుల్లోనూ చేతి వెనకవైపూ ఎర్రగా దద్దుర్లు లేచాయి. తర్వాత నీటిపొక్కులు, వాపు. దురదకి రాత్రిళ్లు నిద్ర లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేస్తే రెండు రోజులు అణిగి, మూడో రోజు అంతకుమించి లేచింది. సబ్బు మార్చలేదు, కొత్తగా తిన్నదేమీ లేదు, వంకాయా ఎండుచేపా మానేసినా తగ్గలేదు. జీడిపిక్కల పని ఏళ్లుగా చేస్తున్నదే కాబట్టి దానివల్ల కాదని ఆవిడ గట్టిగా అంటున్నారు. అలర్జీ రక్తపరీక్ష చేయించాలా అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు చెప్పినవన్నీ జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మానికి తగలడం వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్ వైపే చూపిస్తున్నాయి. తిండితో సంబంధం లేదు, వంకాయ నిక్షేపంగా తినమనండి. అలర్జీ రక్తపరీక్ష అవసరం లేదు, అది ఈ జబ్బుని పట్టుకోలేదు కూడా. మీ ప్రాంతం, ఆవిడ బీపీ చూస్తే చేయించాల్సింది వేరే పరీక్ష: కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, దాంతోపాటు షుగరు. ఎందుకో కింద రాశాను. మందు విషయానికొస్తే రెండు రోజుల ఇంజెక్షన్ కాదు, రెండు మూడు వారాలు సరిగ్గా నడిపే చికిత్స కావాలి. ఆ పని చర్మ డాక్టరు చేతుల్లో జరగాలి.

ఇప్పుడు వివరంగా.

ఎప్పట్నించో చేస్తున్న పని వల్ల ఇప్పుడెందుకు వస్తుందన్నది అందరూ అడిగేదే. చర్మానికి అలర్జీ పుట్టుకతో రాదు, ముట్టుకోగా ముట్టుకోగా వస్తుంది. ఒక వస్తువుని ఒంటి రక్షణవ్యవస్థ పగవాడిగా గుర్తుపెట్టుకోవడం ఎప్పుడైనా జరగొచ్చు, మొదటి నెలలోనైనా, ఇరవయ్యో ఏటనైనా. అలా గుర్తుపెట్టుకోవడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు తగిలినా 24 నుంచి 72 గంటల్లో దద్దుర్లు లేస్తాయి. ఎక్కువమందిలో రెండో రోజు. చిక్కంతా ఇక్కడే ఉంది. దురద బుధవారం మొదలైతే జనం బుధవారం తిన్న కూర గుర్తు చేసుకుంటారు. గుర్తు చేసుకోవాల్సింది సోమవారం ముట్టుకున్నదాన్ని. అమ్మగారిని కూర్చోబెట్టి, మొదటి దద్దురు కనిపించిన రోజుకి వెనక మూడు రోజులు గంటగంటకీ ఏం చేశారో అడగండి. కొత్త బస్తా విప్పారా, సరిగ్గా ఉడకని పిక్కలు వచ్చాయా, ఇంట్లో పచ్చిపిక్కలు కోసి పప్పు తీశారా, తొక్కలు పొయ్యిలో పెట్టారా. జవాబు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

జీడిపిక్క తొక్క రెండు పొరలు. ఆ రెంటి మధ్య తేనెపట్టులా గదులుంటాయి, వాటి నిండా ముదురు గోధుమరంగు నూనె. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్, కార్డనాల్ అనే పదార్థాలున్నాయి. ఈ నూనె రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. ఒకటి, ఎవరికైనా సరే చర్మాన్ని నేరుగా కాలుస్తుంది: వేళ్ల కొసలు నల్లబడి, తోలు బిరుసెక్కి పొరలు పొరలుగా లేచిపోతుంది. పిక్కలు కోసేవాళ్ల వేళ్లు మీరు చూసే ఉంటారు. రెండు, కొందరిలో అలర్జీగా మారుతుంది. కాలిన చోట మంట, నొప్పి ఎక్కువ, దురద తక్కువ, మచ్చ తగిలిన చోటే ఆగిపోతుంది. అలర్జీ అయితే దురద ప్రాణం తీస్తుంది, తగిలిన చోటు దాటి పాకుతుంది, నీటిపొక్కులు లేస్తాయి. అమ్మగారిది రెండోదిలా ఉంది. రెండూ కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

అరచేతి మీద లేకుండా చేతి వెనక, వేళ్ల సందుల్లో మాత్రమే ఎందుకు వచ్చిందని అడిగారు. అరచేతి తోలు మందం, నూనె లోపలికి దిగడానికి టైము పడుతుంది. చేతి వెనక తోలు పల్చన, కింద వదులుగా ఉంటుంది కాబట్టి నీరు అక్కడ చేరి బూరెలా పొంగుతుంది. కనురెప్పలదీ అదే సంగతి. చేత్తో కన్ను నులుముకుంటే కంటికి తగిలిన నూనె చుక్క ఎంత చిన్నదైనా పొద్దున్నకి రెప్ప తెరుచుకోదు. కుడిచేతికే ఎందుకన్నది పని చేసే తీరుని బట్టి ఉంటుంది: పిక్క పట్టే చేయి ఏది, కత్తి పట్టే చేయి ఏది, పప్పు బయటికి తీసే వేళ్లు ఏవి అని అడగండి. దద్దుర్ల పటమూ పని పటమూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు సరిపోతే ఇక పెద్ద పరీక్షలు అక్కర్లేదు.

ఆ ఇంజెక్షన్ సంగతి. ఊళ్లలో ఇలాంటి దురదకి ఇచ్చేది దాదాపు ఎప్పుడూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, దాంతో కలిపి అవిల్ అనే దురద మందు. డెక్సా మంచి మందే, పని కూడా గట్టిగానే చేస్తుంది. కానీ ఒక్క డోసు పని ఒంట్లో ఒకటిన్నర నుంచి రెండు రోజులకి అయిపోతుంది. జీడి అలర్జీ ఒంట్లో నడిచేది రెండు మూడు వారాలు. మందు అయిపోయింది, జబ్బు ఇంకా దారి మధ్యలోనే ఉంది. మూడో రోజు రెట్టింపై లేచిందంటే కారణం అదే, మందు పడకపోవడం కాదు. అలా రెండు రోజులకోసారి ఇంజెక్షన్ చేయించుకుంటూ నెల గడిపేవాళ్లున్నారు. వాళ్లకి చర్మం తగ్గకపోగా షుగరు పెరిగి, ముఖం ఉబ్బి, కొత్త జబ్బుతో వస్తారు.

మరి సరైన చికిత్స ఏమిటి?

వాపు ఉన్న చేతికి గాజులు, ఉంగరాలు ఉంటే ముందు తీయించండి. ఇది అన్నిటికన్నా ముందు. పెళ్లయిన ఆడవాళ్లు గాజులు తీయడానికి ఒప్పుకోరు, ఎడమచేతికి వేసుకోమని చెప్పండి. వేలు వాచి ఉంగరం దిగబడితే రక్తం ఆగుతుంది, అప్పుడు కత్తిరించక తప్పదు. సబ్బు నీళ్లో, కొబ్బరినూనో రాసి తిప్పుతూ లాగితే మొదటి రోజు వచ్చేస్తుంది, మూడో రోజు రాదు. పడుకున్నప్పుడు చేయి కింద దిండు పెట్టి గుండె కన్నా ఎత్తులో ఉంచితే పొద్దున్నకి వాపు కొంత దిగుతుంది.

పొక్కులు పగిలి నీరు కారుతుంటే తడి పట్టీలు వేయాలి. కాచి చల్లార్చిన అరలీటరు నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు. పాత కాటన్ చీర ముక్కో పంచె ముక్కో నాలుగు మడతలేసి అందులో ముంచి, నీళ్లు కారనంతగా పిండి, చేతికి చుట్టండి. పది పదిహేను నిమిషాలు, రోజుకి మూడుసార్లు. గుడ్డ ఆరుతుంటే మళ్లీ ముంచండి. చర్మ డాక్టర్లు పొటాషియం పర్మాంగనేట్ రాస్తుంటారు, అది కూడా మంచిదే, కానీ పాళ్లు తప్పితే చేయి కాలుతుంది. లీటరు నీళ్లకి 100 మిల్లీగ్రాములు, అంటే నాలుగైదు పలుకులు మాత్రమే. నీళ్లు లేత గులాబీ రంగులో ఉండాలి, వంగపండు రంగులోకి వస్తే పారబోసి మళ్లీ కలపండి. పలుకు కరక్కుండా అడుగున మిగిలితే అది అంటుకున్న చోట పుండు పడుతుంది, అందుకని గుడ్డలో వడగట్టాలి. గోళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, భయపడనక్కర్లేదు. నీరు కారడం ఆగగానే, అంటే రెండు మూడు రోజులకి ఈ పట్టీలు ఆపేయాలి. ఆ తర్వాత కూడా నానబెడితే చర్మం ఎండి పగుళ్లు పడుతుంది.

పూతమందు: చేతులకి గట్టి స్టెరాయిడ్ కావాలి. క్లోబెటసాల్ 0.05 శాతం గానీ బీటామెథసోన్ డైప్రొపియోనేట్ 0.05 శాతం గానీ, పొద్దునా రాత్రీ, రెండు వారాలకి మించకుండా, డాక్టరు రాసిస్తేనే. ఎంత రాయాలో ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా: చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. ఒక చేతికి ముందూ వెనకా కలిపి అది సరిపోతుంది. రోజుకి రెండుసార్లంటే ఒక గ్రాము, అంటే 15 గ్రాముల ట్యూబు ఒక చేతికి రెండు వారాలు వస్తుంది. మీ అమ్మగారి ట్యూబు నాలుగు రోజుల్లో అయిపోతోందంటే ఎక్కువ రాస్తున్నారు, రెండు నెలలుగా అలాగే ఉందంటే రాయట్లేదు. దీన్ని ముఖానికీ చంకలకీ గజ్జలకీ రాయకూడదు.

మందులషాపులో అడిగితే ఇచ్చే ట్యూబుల సంగతి వేరు. ఒకే గొట్టంలో స్టెరాయిడ్, యాంటీబయోటిక్, తామర మందు మూడూ కలిపి ఉంటాయి. ఏ జబ్బైనా ఒక దెబ్బకి పోతుందని అమ్ముతారు. అందులో నియోమైసిన్ ఉంటే దానికే కొత్తగా అలర్జీ వచ్చే అవకాశముంది. తామర ఉంటే స్టెరాయిడ్ వల్ల అది రూపం మార్చుకుని లోలోపల పాకుతుంది, తర్వాత ఏ డాక్టరూ ఒక్క చూపులో గుర్తుపట్టలేడు. ఆ ట్యూబు ఇప్పటికే రాసి ఉంటే దాచిపెట్టకుండా డాక్టరుకి పట్టుకెళ్లి చూపించండి.

వాపు మోచేతి దాకా పాకినా, ముఖానికి వచ్చినా, పొక్కులు పెద్దవైనా అప్పుడు నోటిమాత్రలు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, కిలో బరువుకి అరమిల్లీగ్రాము లెక్కన మొదలుపెడతారు: 50 కిలోల మనిషికి రోజుకి 25 మిల్లీగ్రాములు, పొద్దున తిన్నాక ఒకేసారి, మెల్లగా తగ్గిస్తూ రెండు మూడు వారాలు. ఐదు రోజుల కోర్సు ఇస్తే ఇంజెక్షన్ కథే మళ్లీ జరుగుతుంది. దురద పోయింది కదా అని మధ్యలో మానేయడం కూడా అంతే. బీపీ, షుగరు ఉన్నవాళ్లకి ఈ మాత్రలతో రెండూ పెరుగుతాయి కాబట్టి ముందూ మధ్యలోనూ చూసుకోవాలి.

సెట్రిజిన్ లాంటి మాత్రలు ఈ దురద మీద పెద్దగా పనిచేయవు, ఎందుకంటే అవి అడ్డుకునేది హిస్టమిన్ అనే ఒంట్లోని పదార్థాన్ని, ఈ దురద ముఖ్యంగా దానివల్ల వచ్చేది కాదు. రాత్రి కాస్త మత్తుగా నిద్రపట్టడానికి పనికొస్తాయి, అంతే.

కిడ్నీ గురించి ఎందుకన్నానంటే. మీది పలాస వైపు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, అంటే ఉద్దానమంతా, ఏ లక్షణమూ లేకుండా కిడ్నీ దెబ్బతినడం ఎంత ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైగా ఆవిడకి బీపీ ఉంది. చేయి వాచిందనగానే ఊళ్లో పడే రెండో ఇంజెక్షన్ డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. కిడ్నీ అప్పటికే బలహీనంగా ఉంటే అది ఇంకా దించేస్తుంది. ఈ జబ్బులో నొప్పి మందు వల్ల ఉపయోగం కూడా పెద్దగా లేదు. చీము పట్టిందేమోనని జెంటామైసిన్ పొడిచేవాళ్లూ ఉన్నారు, అది కూడా కిడ్నీ మీద పడేదే. సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు మామూలు డోసు, కిడ్నీ పని తగ్గినవాళ్లకి 5 చాలు. అందుకే ముందు క్రియాటినిన్ చూసుకుని, ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. మంచి సంఖ్య వచ్చినా ఆ కాగితం దాచుకోండి, వచ్చే ఏడు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇదే ప్రాంతంలో ఇంకో రెండు సంగతులు కలిసిపోతుంటాయి. ఒంటి మీద దద్దురే లేకుండా ఒళ్లంతా దురద, దాంతోపాటు పొద్దున లేవగానే ముఖం, పాదాలు, రెండు చేతులూ ఉబ్బితే అది చర్మం జబ్బు కాదు, నేరుగా కిడ్నీ డాక్టరు దగ్గరికెళ్లాలి. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టిన చేయి వాస్తే దురద మందు రాసుకుంటూ కూర్చోకూడదు, ఆ రోజే డయాలిసిస్ సెంటర్లో చూపించాలి.

జీడి కాకపోతే ఇంకేం కావచ్చు? నేను చెప్పిన పటం సరిపోకపోతే వీటిని చూడండి.

గజ్జి: రాత్రి పడుకున్నాకే దురద, వేళ్ల సందులు, మణికట్టు, నడుము, బొడ్డు చుట్టూ. ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారా అన్నది అసలు ప్రశ్న. అవునంటే సగం పైగా అదే. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా, రాత్రి రాసి 8 నుంచి 12 గంటలు ఉంచి కడగాలి. వారానికి మళ్లీ ఒకసారి. ఇంట్లో అందరూ ఒకే రోజు, దురద లేనివాళ్లు కూడా. చెయ్యి ఒక్కదానికి రాసుకుంటే డబ్బు దండగ. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, అది పురుగు బతికి ఉన్నందుకు కాదు.

రెండు చేతులకీ వేళ్ల పక్కల సగ్గుబియ్యం గింజల్లాంటి లోతైన పొక్కులు, ఎరుపు లేకుండా, ఎండాకాలంలో మళ్లీ మళ్లీ వస్తుంటే అది పాంఫోలిక్స్. రెండు పాదాలకీ తామరలాంటి పొట్టు ఉండి, ఒక్క అరచెయ్యి మాత్రమే పొడిగా పొట్టు లేస్తుంటే ఫంగస్, కాబట్టి చేతికి వచ్చినా డాక్టరు పాదాలు చూపించమంటే చూపించండి.

వంటింటి జబ్బులు వేరే. వెల్లుల్లి ఒలిచేవాళ్లకి కుడిచేతివాటం అయితే ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాత్రమే పగులుతాయి, ఎందుకంటే పాయ పట్టేది ఆ వేళ్లే. కంద, చేమ తరిగితే దురద వెంటనే వస్తుంది, కొన్ని గంటల్లో పోతుంది. ఇక మామిడికాయ. ఇది జీడి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం చెట్లు. జీడి పడనివాళ్లకి మామిడి సొన కూడా పడకపోవచ్చు. జీడి సీజనూ ఆవకాయ సీజనూ ఇంచుమించు ఒకే నెలల్లో పడతాయి కాబట్టి ఏది కారణమో తేల్చడం కష్టం, రెండూ దూరం పెట్టడం తేలిక. పండు గుజ్జు సాధారణంగా ఏమీ చేయదు, తొడిమ దగ్గరి సొన, తొక్క మాత్రమే తేడా చేస్తాయి. ఇంకొకరు కడిగి తొక్కతీసి ఇస్తే తినొచ్చు.

ఇదే కుటుంబంలో అసలు రాక్షసి నల్లజీడి. దిష్టికి కట్టే గింజ, ఒకప్పుడు చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టిన గింజ. దాన్ని కాల్చి ఆ నూనె మడమ పగుళ్లకీ బెణుకులకీ పెట్టే అలవాటు ఇంకా పోలేదు. పెట్టిన చోట నల్లటి మచ్చ, చుట్టూ పొక్కులు, రెండు మూడు రోజులకి చెయ్యో కాలో మొద్దులా వాపు. చాలామంది ఆ మందు పెట్టిన సంగతి డాక్టరుకి చెప్పరు. అమ్మగారు ఏదైనా పసరు గానీ నాటు నూనె గానీ రాశారేమో మెల్లగా అడిగి తెలుసుకోండి.

పొలం పనివాళ్లకి వయ్యారిభామ అనే కలుపుమొక్క. అది ముఖం, మెడ, మోచేతి మడతలు, చేతులు, అంటే ఎండ తగిలే చోట్లన్నీ పడుతుంది, ఒక్క చేతితో ఆగదు. చామంతిపూలు కట్టేవాళ్లకి వేళ్లకి వస్తుంది, చామంతీ వయ్యారిభామా ఒకే కుటుంబం మొక్కలు. సిమెంటు పనివాళ్లకి సిమెంటులోని క్రోమియం. విజయనగరం వైపు జూట్ మిల్లుల్లో నార మెత్తబడటానికి చల్లే నూనె వల్ల ముంజేతుల మీద వెంట్రుక కుదుళ్లలో మొటిమల్లా లేస్తాయి, అవి వేరే జాతి. మునగచెట్టు గొంగళిపురుగు నూగు తగిలితే నిమిషాల్లోనే దద్దుర్లు: గోకకుండా, కడక్కుండా ముందు సెల్లోటేపు అతికించి పీకితే నూగు దాంతో వచ్చేస్తుంది. వానాకాలం రాత్రి లైటు చుట్టూ తిరిగే నారింజ, నలుపు చారల చిన్న పురుగుని ఒంటి మీద నలిపితే పొద్దున్నకి గీత గీసినట్టు మంట, మధ్యలో చీముపొక్కులు. దీన్నీ, ఒకవైపే పట్టీలా వచ్చే అసలు అక్కినీ ఒకటే అనుకుని అక్కి రాయించుకుంటారు. అక్కిలో దురద కన్నా నొప్పి ముందు. మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టాలి, జాజుతో సింహాన్ని గీయించుకుంటూ ఆ మూడు రోజులూ పోగొట్టుకోకండి.

దద్దురు ఒకచోట లేచి, గంటల్లో మాయమై, ఇంకోచోట లేస్తుంటే అది ఉర్టికేరియా. పెన్నుతో దద్దురు చుట్టూ గీత గీసి 24 గంటల తర్వాత చూడండి. గీత లోపల చర్మం మామూలుగా ఉంటే ఉర్టికేరియా, సెట్రిజిన్ పనిచేసేది దానికే. అక్కడే ఉంటే కాంటాక్ట్ డెర్మటైటిసో ఇంకోటో. పైసా ఖర్చు లేని పరీక్ష.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగకూడదు. దురద కన్నా నొప్పి ఎక్కువై, ఎరుపు వేడిగా పైకి పాకుతూ, జ్వరం, చలి, చంకలో బిళ్ల కడితే అది చర్మం కింద చీము పట్టే ఇన్‌ఫెక్షన్. షుగరు ఉన్నవాళ్లలో గంటల్లో ముదురుతుంది. తీరం ఊళ్లలో చేపముల్లు, రొయ్య కొమ్ము గుచ్చుకుని చేయి వాచి నల్లబడుతుంటే అదే రోజు పెద్దాసుపత్రి. గడ్డిలోనో కట్టెల్లోనో చేయి పెట్టాక వాపు గంటగంటకీ పైకెక్కుతుంటే గాట్లు కనిపించకపోయినా పాముకాటు అనుకునే వెళ్లాలి, చేతికి తాడు కట్టకుండా. కందిరీగ కుట్టాక పెదాలు వాచడం, గొంతు పట్టేయడం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే 108. జ్వరంతో చేయంతా లావెక్కి, దురద లేకుండా తాడులా నరం తగులుతుంటే బోదవ్యాధి పరీక్ష చేయించాలి, మన వైపు అది ఉంది. స్పర్శ లేని మచ్చ అయితే దురద ఉండనే ఉండదు, దాన్ని కూడా చర్మ డాక్టరుకే చూపించాలి.

పొక్కుల నీళ్లు తగిలితే ఇంట్లోవాళ్లకి అంటుకుంటుందని విడిగా పడుకోబెట్టకండి. ఆ నీరు ఒంట్లోదే, అందులో జీడినూనె ఉండదు. కానీ చీర కొంగు, కత్తిపిడి, సెల్‌ఫోను, తలుపు గొళ్లెం, సైకిలు హ్యాండిల్ మీద నూనె వారాల తరబడి ఉంటుంది. "పనికెళ్లకపోయినా మళ్లీ వచ్చింది" అని చెప్పేవాళ్ల ఇళ్లలో కారణం చాలాసార్లు అదే. పనిచీర విడిగా నానబెట్టి సర్ఫుతో ఉతకాలి. కత్తిపిడి నూనెగుడ్డతో తుడిచి, గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. జీడితొక్కలు పొయ్యిలో కాల్చొద్దు, ఆ పొగ ముఖానికి తగిలితే ముఖమంతా వాస్తుంది.

నూనె తగిలినప్పుడు వెంటనే నీళ్లు పోసుకుంటే అది కరగదు, పరుచుకుంటుంది. ముందు పొడిగుడ్డతో అద్ది తీయాలి. తర్వాత ఆముదమో కొబ్బరినూనో రాసి, రుద్ది, ఇంకో గుడ్డతో తుడవాలి. ఆపైన గిన్నెల లిక్విడ్ సబ్బుతో చన్నీళ్లలో, గోళ్ల కింద కూడా. పది నిమిషాల్లోపు చేస్తే చాలావరకు వదులుతుంది, అరగంట దాటితే లోపలికి దిగిపోయినట్టే. కిరోసిన్‌తో కడగడం బాగా అలవాటు, నూనె పోతుంది నిజమే, దాంతోపాటు చర్మం పైపొర కూడా పోతుంది. పనికి ముందు ఆముదం పట్టించుకోవడం, బూడిద అద్దుకోవడం పాత పద్ధతి. కాలకుండా కొంత కాపాడుతుంది. అలర్జీ ఉన్నవాళ్లకి అది చాలదు.

గ్లౌజుల్లో డాక్టర్లు వేసుకునే పల్చటి రబ్బరువి పనికిరావు, నూనె వాటిలోంచి దిగుతుంది. మందపాటి నైట్రైల్ గానీ పీవీసీ గానీ, లోపల పల్చటి కాటన్ గ్లౌజు. చెమట పట్టిన లోపలి గ్లౌజు పూటకొకటి మార్చాలి. నూనె ఒకసారి లోపలికి వెళ్లాక అదే గ్లౌజు వేసుకోవడం వట్టి చేతులకన్నా ప్రమాదం, నూనెని చర్మానికి అదిమి పట్టి ఉంచుతుంది. వేలు దగ్గర చిరిగితే అతుకు వేయకుండా పారేయండి. పప్పు ముక్కలవుతుందని పని చేయించేవాళ్లు గ్లౌజులు వద్దంటారని చాలామంది చెప్తుంటారు. పీలింగ్‌లో, అంటే పప్పు మీది పొట్టు తీసే పనిలో ఆ ఇబ్బంది కొంత నిజమే. కటింగ్‌లో, అంటే పిక్క తొక్క కోసే పనిలో మాత్రం అది సాకు.

పరీక్షలు: బయట ల్యాబుల్లో వేల రూపాయలు తీసుకుని వంద పదార్థాల జాబితా ఇచ్చే రక్తపరీక్ష ఇంకో రకం అలర్జీకి, తుమ్ములు, ఉబ్బసం లాంటివాటికి. ఈ జబ్బుకి సరైనది ప్యాచ్ టెస్ట్: వీపు మీద పదార్థాలు అతికించి 48 గంటలకి తీసి, మళ్లీ ఒకటి రెండు రోజులకి చూస్తారు. దద్దుర్లు పూర్తిగా తగ్గాక, స్టెరాయిడ్ మాత్రలు ఆపాకే చేయాలి. టీచింగ్ ఆసుపత్రుల చర్మవిభాగంలో అడగండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జనం రిమ్స్ అంటారు) మీకు దగ్గర. తొక్కనూనె నేరుగా చర్మానికి రాసి ఇంట్లో పరీక్షించుకోవద్దు, అలర్జీ లేనివాళ్లకి కూడా పుండు పడుతుంది.

ఇక మీరు చివర్లో అడిగిన మాట, మళ్లీ పనికి వెళ్లొచ్చా అన్నది. చర్మం పైకి మామూలుగా కనిపించడానికి మూడు వారాలు, లోపల గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో రాత్రి పడుకునేముందు, చేతులు కడిగిన ప్రతిసారీ వాజలైన్ రాయాలి. గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం ఇంకొకరు చూసుకోవాలి. కటింగ్ పనికి మాత్రం మళ్లీ వద్దు. ఈ అలర్జీ ఒకసారి వచ్చాక సాధారణంగా ఉండిపోతుంది, కొద్దిపాటి నూనె తగిలినా మళ్లీ లేవొచ్చు. పీలింగ్‌లో పప్పు మీద అంటిన కొద్దిపాటి నూనె కూడా కొందరికి చాలు, కాబట్టి తగ్గిన నెలకి గ్లౌజులతో రెండు రోజులు చేసి, తర్వాత మూడు రోజులు ఆగి చూడండి. ఏమీ లేకపోతే కొనసాగించొచ్చు. మళ్లీ లేస్తే గ్రేడింగ్ గానీ ప్యాకింగ్ గానీ అడగాలి, అక్కడ పప్పు పొట్టు పోయి, ఆరి, శుభ్రమై వస్తుంది. డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు మొదటి రోజు ఫోటో ఏదైనా ఫోన్‌లో ఉంటే తీసుకెళ్లండి. వాడిన ట్యూబులు, ఇంజెక్షన్ చీటీ, బీపీ మాత్రల అట్ట, క్రియాటినిన్ కాగితం ఒక కవర్లో పెట్టుకోండి. తొక్కలు మాత్రం చూపిద్దామని జేబులో వేసుకుని వెళ్లకండి.